రాయబారిగారి గేటు

భోజనం చేసిన చెయ్యి ఆరకముందే పడక్కుర్చీలో గుర్రుపెట్టే మనిషిని, దేశం తరపున మాట్లాడమని పరాయి దేశానికి పంపారు. పంపినవాళ్ళకేం, ఆయనతో కాపురం చేశారా ఏమన్నా! చేస్తున్న ఇల్లాలు మాత్రం దూది ఉండ పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటోంది.

ఈ పూట రాయబారిగారు నిద్రలో లేరు. ఫోను పట్టుకుని నిలబడ్డారు. అవతల ఉన్నది విదేశాంగ శాఖలో పెద్ద ఉద్యోగం చేస్తున్న బావమరిది. గేటు బయట ఆ దేశపు పోలీసు జీపులు. వెనక గదిలో, మోకాళ్ళు చీరుకుపోయిన కాలేజీ పిల్ల. ఊరేగింపులో నినాదాలిచ్చినందుకు పోలీసులు తరుముతుంటే, మిట్టమధ్యాహ్నం ఈ ఇంట్లోకి వచ్చిపడింది.

“పిల్లని అప్పగించెయ్ బావా!”

“అప్పగించను.”

“అసలు లోపలికి రానిచ్చిందెవరు? కాపలావాళ్ళు నోరు విప్పడం లేదట.”

“నేనే. గేటు నేనే తీశాను.”

“నువ్వా? మధ్యాహ్నం పూటా?”

“అవును, నేనే. రాసుకో.”

“బావా, యూనివర్సిటీ వైస్ ఛాన్సలరుగా ఉన్నప్పుడు, పోలీసులు అడగ్గానే హాస్టలు తలుపులు బార్లా తెరిచావు. ఆ అణకువ చూసే కదయ్యా నీకీ పదవి ఇచ్చింది!”

“వాళ్ళకోసం ఒకసారి తెరిచాను. చాలు.”

“రేపే వెనక్కి పిలిపిస్తారు. పదవి గోవిందా!”

“రేపటిదాకా రాయబారినే కదరా. జెండా ఉన్న కారు ఎవడాపుతాడో చూస్తా. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, సరిహద్దు దాటించి మరీ వస్తా.”

“ముందు అక్కకివ్వు ఫోను!”

ఆవిడ అందుకుంది.

“నువ్వైనా చెప్పక్కా, ఆ మొండిఘటానికి!”

“చెప్తాలేరా” అని పెట్టేసింది.

రాయబారిగారు కోటు తొడుక్కుంటున్నారు. హాస్టలు పిల్లల్ని జీపుల్లో కుక్కి తీసుకుపోయిన నాటినుంచీ, ఆవిడ ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. వడ్డించడం, మందులు అందించడం, అంతే.

ఇప్పుడు దగ్గరికొచ్చి, ఆయన తప్పు పెట్టుకున్న గుండీ విప్పి, సరిగ్గా పెట్టింది.

“మిమ్మల్ని నమ్మలేక, చెప్పకుండా నేనే వెళ్ళి గేటు తీశాను... తప్పు నాదేనండీ.”