ఒక్క ముక్క

"మత్స్యకన్య ఏమన్నా పడిందా, జింబె బాబాయ్?"

వకాసా రేవులో వలలు దులుపుకుంటున్న బెస్తలు గొల్లుమన్నారు. సెకి రోజూ ఇదే అడుగుతుంది. వాళ్ళు రోజూ నవ్వుతారు.

"పడకేం! నిన్ననే కాల్చుకుని తినేశాం. ఇక మాకు చావు లేదు పో!" అన్నాడు జింబె.

సెకి నవ్వలేదు. "ఒక్క ముక్క చాలు బాబాయ్. చిటికెన వేలంత. దాని మాంసం తింటే ముసలితనం రాదు, ప్రాణం పోదు."

"ఎవరు తిని చూశారే?"

సెకి సముద్రం వైపు తిరిగింది.

జింబె గొంతు తగ్గించాడు. "పిచ్చిపిల్లా, మీ ముసలమ్మకి ఎనభై దాటాయి. పండాకు రాలక మానుతుందా? సుఖంగా పోనివ్వు."

అతను చేతిలో పెట్టిన రెండు చేపలు తీసుకుని సెకి ఇంటిదారి పట్టింది.

పన్నెండేళ్ళ కిందట ఎక్కడి నుంచో వచ్చి ఊరి చివర గుడిసెలో దిగారు వాళ్ళిద్దరూ. మంచి సంబంధాలు రెండొచ్చినా, ముసలమ్మను వదిలి రానంది సెకి. ఇలాంటి మనవరాలు కోటికొకతె ఉంటుందని ఊరంతా చెప్పుకునేవారు.

ముసలమ్మ పేరు నుయి. ఆ రోజు ఆమెకు గంజి కూడా దిగలేదు.

"ఒక్క గుక్క తల్లీ. నా కోసం."

"చాలమ్మా... ఇంక నా వల్ల కాదు." ఎండిన వేళ్ళు సెకి చేతిని తడుముకున్నాయి. "నువ్వే... ఒంటరిదానివైపోతావు."

సెకి ముసలమ్మ అరికాళ్ళు రుద్దింది. వైద్యుడిచ్చిన మూలికలు మళ్ళీ కాచింది. కిటికీ తడిక మూసింది, తెరిచింది. ఆపైన చేయడానికేమీ మిగల్లేదు. మధ్యాహ్నం సముద్రం వెనక్కి తీసే వేళకు ఆ చెయ్యి ఆమె చేతిలోనే చల్లబడింది.

మర్నాడు భిక్షువు వచ్చాడు. సమాధి దగ్గర నిలిపే కొయ్యపలక మీద నుయి పేరు రాసి, కుంచె ఆపాడు.

"మీ నాయనమ్మ ఎప్పుడు పుట్టిందమ్మా? సుమారుగా చెప్పినా చాలు."

"కోడి సంవత్సరం, పన్నెండో నెల, నాలుగో రోజు. తెల్లారగట్ల." సెకి పలక వైపే చూస్తోంది. "మోకాలిలోతు మంచు. మంత్రసాని రాలేకపోయింది. బిడ్డ అడ్డం తిరిగి, రెండు రోజులు..."

"దగ్గరుండి చూసినట్టే చెబుతున్నావే!" అన్నాడు భిక్షువు.

"చూడకేం స్వామీ, ఆ రెండు రోజులూ నొప్పులు పడ్డది నేనేగా."