బీమా కడియం

ఆరోగ్య బీమా నిలవాలంటే రోజుకు పదివేల అడుగులు నడవాలని చట్టం వచ్చింది. అప్పటి నుంచి సుభాషిణి అడుగులు లెక్కపెట్టే తన బీమా కడియాన్ని పనిమనిషి నూకాలు చేతికి తొడుగుతోంది. నూకాలుకి బీమా లేదు గాని, పొద్దస్తమానం నడకే.

ఆ ఉదయం అంట్లు తోముతూ నూకాలు గుండె పట్టుకుని కూలబడింది. కడియమే అంబులెన్సును పిలిచింది.

"సుభాషిణి గారు ఈవిడేనా?" అని అంబులెన్సులో వచ్చిన నర్సు అడిగింది.

అవునంటే ఆ గుండెజబ్బు తన పేరు మీద నమోదవుతుంది. నిజం చెబితే బీమా పోతుంది.

"కాదండీ, మా పనిమనిషి. నా కడియం ఎప్పుడు తీసుకుందో ఏమో!" అంది సుభాషిణి.

నూకాలు ఆమె వంక చూసింది. రొప్పుతూనే కడియం తీసి, సబ్బునురుగు కొంగుతో తుడిచి, "తప్పయిపోనాదమ్మా" అంటూ అందించింది.

సుభాషిణి తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం చాచింది.