పొగ తిన్న బొగ్గు

త్రినాథరావు ట్రేని బల్ల మీద బోర్లించాడు. నల్లటి బొగ్గు గుళికలు దొర్లి సీతారామయ్య టీ గ్లాసులో కూడా పడ్డాయి.

"దీన్ని ఫిల్టరంటారా? పట్టుకెళ్ళి కుంపట్లో వేసుకోండి."

బిలాస్‌పూర్ పక్కనున్న సిర్గిట్టి పారిశ్రామికవాడ మొత్తమ్మీద సీతారామయ్యకు ఎదురు చెప్పినవాడు లేడు. సొంత కార్ఖానాలో, సొంత కుర్చీలో కూర్చుని ఈ మాట పడవలసి వచ్చేసరికి ఆయన ముఖం జేవురించింది. కానీ వచ్చినవాడు అణువిద్యుత్ కేంద్రం ఇన్‌స్పెక్టరు. పని ఇచ్చే చెయ్యి. అందుకని కోపం మింగేశాడు.

"దోషమేటండీ? మీరు చెప్పిన బొగ్గే కదా పోశాం."

"బొగ్గు మంచిదే. మీ గేటు దాటకముందే పొగ తినేసింది. మా దగ్గర పరీక్ష పెడితే ఒక్క ట్రే కూడా నిలబడలేదు."

"పొగ తింటే ఏటవుద్దండీ?"

"ఇన్నాళ్ళూ తెలీకుండానే నింపుతున్నారా?" త్రినాథరావు గొంతు పెరిగింది. "రియాక్టరు చుట్టూ ఉండే భవనంలో గాలిని ఊరికే బయటికి వదలం. దుమ్ము పట్టే జాలీ దాటించి, ఈ బొగ్గులోంచి పంపి, అప్పుడు చిమ్నీకి ఎక్కిస్తాం. రేపు లోపల ఏదైనా జరిగితే, గాలిలో కలిసే విషపు అయోడిన్‌ని పీల్చుకోవలసింది ఈ బొగ్గే. ముందే కడుపు నిండినవాణ్ణి విందుకి పిలిస్తే ఏం తింటాడు? వీడు తినకపోతే ఆ విషం ఊళ్ళ మీద పడుతుంది."

"ఏ పొగండీ అది?"

"ఏదైతేనేం? బొగ్గుకి మంచి పొగ, చెడ్డ పొగ అని తెలీదు. ట్రేలు నింపే గదిలో ఎవరో పొగ పెడుతున్నారు."

"ఆ గది నాకు పూజగదితో సమానం. చెప్పులతో ఎవర్నీ అడుగు పెట్టనివ్వను."

"చెప్పుల్లోంచి పొగ రాదండీ," అన్నాడు త్రినాథరావు. "ఇంకొక్కసారి ఇలా వస్తే మీ కార్ఖానా పేరు కొట్టేస్తాం."

సీతారామయ్య సూపర్‌వైజరు సూర్యాన్ని కేకేశాడు. ట్రేలు నింపేవాళ్ళలో పొగ తాగేదెవరని అడిగాడు. సూర్యానికి ఆలోచించే పని లేకపోయింది.

"అప్పయమ్మ ఒక్కతేనండి. చుట్ట లేందే చెయ్యాడదు దానికి."

అప్పయమ్మ వచ్చింది. ముసలిది. మోచేతుల దాకా బొగ్గు నలుపు.

"ఏటే, చుట్ట తాగుతావా?"

"తాగుతాను బావూ. దాపరికం ఏటి? గేటు బైట, రైలు పట్టాల కాడ కూకుని తాగుతాను."

"లోపల?"

"లోపలెప్పుడూ నేదు బావూ."

సూర్యం ఆమె నడుముకు దోపుకున్న గుడ్డసంచి లాగి బల్ల మీద దులిపాడు. సగం కాలిన చుట్టముక్క, అగ్గిపెట్టె పడ్డాయి.

"అచ్ఛా," అన్నాడు సీతారామయ్య. "మరిదేటి?"

"నాను అడ్డపొగ తాగీదాన్ని బావూ. నిప్పు నోట్లో ఎట్టుకుంతాను. పొగ బైటికెక్కడొత్తాది? అంతా నా కడుపులోకే పోద్ది."

సూర్యం నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వలేదు.

"నీ కడుపులోకి పోయింది నా బొగ్గులోకి ఎలాగొచ్చిందే? తిన్నింటి వాసాలు లెక్కెట్టే రకం నువ్వు. నా కార్ఖానా తలుపులు మూయించీదానివి."

"పైడితల్లి మీద ఒట్టు బావూ. లోపల పుల్ల గియ్యనేదు."

అబద్ధమాడేవాళ్ళే ముందు ఒట్టు పెడతారని సీతారామయ్య నమ్మకం. సరుకు అమ్మడానికి తాను రోజూ పెట్టే ఒట్లు ఆయన లెక్కలోకి రావు.

"బస్. రేపట్నించి ఈ గేటు తొక్కొద్దు."

"ముసిల్దాన్ని బావూ. ఈ గేటు మూసేత్తే బిలాస్‌పూర్లో ఇంకే గేటూ నన్ను రానియ్యదు. ఏటి తిని బతకమంతారు?"

"ఆ చుట్టలే తిను."

అప్పయమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

"సేతులు కడుక్కుని పోతాను."

"బైట కడుక్కో," అని సూర్యం ఆమె భుజం పట్టి నడిపించాడు.

గేటు దగ్గర ఆమె వెనక్కి తిరిగింది. "నాను తప్పు సేత్తే నా నోరు కుళ్ళిపోవాల. సెయ్యకపోతే ఈ పాపం ఎవుల్దో వోల్లదే," అని నల్లటి చేతులతోనే పట్టాల వెంట వెళ్ళిపోయింది.

త్రినాథరావు కాగితాలు సర్దుకున్నాడు. ఆయన రైలుకు వేళయింది.

"ఆవిడేనో ఇంకొకరో నాకనవసరం. కొత్త ట్రేలు ఎప్పుడిస్తారు?"

"బొగ్గు పోసేశామండీ. రేపు పొద్దున్న మూతలు బిగించి పంపించేస్తాం. ఇంక పొగ మాటే రాదు. దరిద్రం గేటు దాటేసింది కదా."

జీపు కదిలే దాకా చేతులు కట్టుకుని నిలబడి, సీతారామయ్య ట్రేలు నింపే గదికి వెళ్ళాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. లోపల బల్లల నిండా మూతల్లేని ట్రేలు, వాటిలో నిగనిగలాడే కొత్త బొగ్గు. ఆయన ముక్కు ఎగబీల్చాడు. చుట్ట వాసన వచ్చినట్టే అనిపించింది. కళ్ళు మూసుకుని, ఈ సరుకైనా గట్టెక్కించమని వెంకన్నకు దణ్ణం పెట్టుకున్నాడు.

"సూర్యం, పాపిష్టిది గదంతా మైల చేసి పోయింది. కిటికీలన్నీ మూసేసి, శుక్రవారం శుక్రవారం వేసీదానికి రెట్టింపు సాంబ్రాణి వెయ్యి."