గూట్లో ముడుపు

జ్ఞానాంబ పసుపు గుడ్డ ముడి విప్పింది. లోపల తను నిరుడు కత్తిరించి పెట్టిన పాత క్యాలెండరు కాగితాలే ఉన్నాయి. డబ్బు లేదు.

ఏడాదిగా ప్రతి శనివారం ఆరేసి రూపాయలు ముడి సందులోంచి లోపలికి దూరుస్తూ వచ్చింది. విప్పి చూసే ధైర్యం ఏనాడూ చెయ్యలేదు. ఈ రోజు యాభయ్యో శనివారం. ఆఖరి ఆరు రూపాయలూ వేసి, కాగితాలు తీసి పారేస్తే మూడు వందల ముడుపు మళ్లీ మూడు వందలవుతుంది, తన తప్పు తనతోనే పోతుందనుకుంది.

పెరట్లో నీళ్లు పోసుకుంటున్న అత్త యశోదమ్మ కేకేసింది. “ఏమే జ్ఞానా, అయిందా? ఎండెక్కక ముందే మెట్లెక్కల్ల!”

“వస్తాండా అత్తా.”

నిన్న కండ్ల మందుకని టౌనుకు పోయొచ్చిన అత్త, చెప్పులు విడవకుండానే అన్న మాట ఇది: “రేపు కొండకు పోదాం. మొక్కు తీర్చేస్తాను.”

జ్ఞానాంబ చేతిలోని ఆరు రూపాయలూ కాగితాల మధ్య పెట్టి ముడి బిగించింది. నడవలో మొగుడు మునిరామయ్య చొక్కా తొడుక్కుంటున్నాడు.

“గూట్లో ముడుపు నువ్వేమన్నా తాకినావా?” అంది గొంతు తగ్గించి.

“దేవుడి సొమ్మా? ముట్టుకుంటే చెయ్యి పడిపోదూ! ఏం, ఎందుకడగతావు?”

“ఊరికే” అని మొహం తిప్పుకుంది.

నిరుడు ఆషాఢంలో, కొండ బస్సుల మీదికి మూటలెక్కిస్తూ మునిరామయ్య జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైంది. అలిపిరి మెట్ల దగ్గర ఇడ్లీలు అమ్ముకుందామంటే స్టవ్వు, పాత్ర, తట్టలు, బియ్యం, ఉద్దిపప్పు అన్నీ కలిపి మూడు వందలు కావాలి.

“చిన్న బేరగాళ్లకు బ్యాంకోళ్లు అప్పిస్తా ఉండారంట. నూటికి ఏడాదికి నాలుగు రూపాయలే వడ్డీ” అంది అప్పుడు యశోదమ్మ.

“నాకొద్దత్తా. అప్పు చేసే మా నాయన చేను పోగొట్టుకున్నాడు. పస్తన్నా ఉంటాను గానీ అప్పు మాత్రం ముట్టను.”

“నీ పంతం కూడొండి పెడతాదా?” అని అత్త గొణుక్కుంది.

వారం తిరక్కుండా ఆమె గూట్లో ముడుపు పెట్టింది. “నా కొడుకు కాలు బాగుపడల్ల. ఇన్నేండ్లుగా కూడబెట్టిన మూడు వందలు స్వామికే” అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ పొద్దు ఆమె బొటనవేలు నల్లగా ఉంటే, నేరేడుపళ్లు తిన్నానంది. మర్నాడే బంగారుపాళ్యంలో కూతురింటికి పోయి పది రోజులు ఉండిపోయింది.

ఆ పది రోజుల్లోనే జ్ఞానాంబ ముడి విప్పింది. అన్నీ పది రూపాయల నోట్లు, నలగనివి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ‘తిరిగి పెట్టేస్తాను స్వామీ’ అని లెంపలేసుకుంది. మనిషి దగ్గర అప్పు ముట్టనన్న మనిషి, దేవుడి దగ్గర దొంగతనం చేసింది.

అత్త తిరిగి వచ్చేసరికి ఇడ్లీ బేరం సాగుతోంది.

“పెట్టుబడి యాడిదే?”

“మా అన్న చిన్నబ్బ ఇచ్చినాడు.”

“మంచోడు” అంది అత్త. మళ్లీ ఆ మాటెత్తలేదు.

బ్యాంకు ఉద్యోగి సంపత్కుమార్ మాత్రం వదల్లేదు. నెలకొకసారి వచ్చి రెండిడ్లీలు తిని, స్టవ్వూ పాత్రా తట్టలూ ఎంచుతున్నట్టు చూసి, “బేరం బాగుందా అమ్మా?” అనేవాడు. “బాగుండాది సార్, నాకు అప్పేం వద్దు” అనేది జ్ఞానాంబ ముందుగానే. ఆయన నవ్వి, చిల్లర ఇచ్చి వెళ్లేవాడు.

మునిరామయ్య కాలు కుదురుకుంది. మళ్లీ మూటలెత్తుతున్నాడు. ఈ రోజు ఇద్దరినీ అలిపిరి దాకా సాగనంపి, బస్సుల వైపు వెళ్లిపోయాడు. కొంచెం కుంటుతూ వెళ్తున్న ఆ కాలునే చూస్తూ నిలబడింది జ్ఞానాంబ.

మొదటి మెట్టు దగ్గర యశోదమ్మ వంగి పసుపు రాసి కుంకుమ పెట్టింది. నడుముకు దోపుకున్న ముడుపు తీసి కోడలి చేతిలో పెట్టింది.

“నువ్వే పట్టుకో. నీ మొగుడి కాలు కోసరం కదా, హుండీలో నీ చేత్తోనే వేద్దువు.”

కాగితాల మూట నిప్పులా తగిలింది. ఇది హుండీలో వేస్తే ఆ కాలు ఏమవుతుందో! జ్ఞానాంబ అక్కడే మెట్టు మీద కూలబడింది.

“అత్తా, నేను ఎక్కలేను. ఇందులో ఉండేది డబ్బు కాదు, క్యాలెండరు కాగితాలు. నిరుడు నేనే తీసినాను. మా అన్న ఇచ్చినాడనేది అబద్ధం.”

ఎక్కేవాళ్లు గోవింద పెడుతూ పక్కనుంచి పోతున్నారు.

“వారం వారం ఆరు రూపాయలు తిరిగి పెట్టినాను, ఒట్టు. పొద్దున చూస్తే ఒక్క రూపాయి లేదు. ఎవరో తీసేసినారు.”

“ఎవరో కాదు. నేనే.”

జ్ఞానాంబ తలెత్తింది. “నువ్వా? దేవుడి సొమ్ము తీసి ఏం చేసినావత్తా?”

“నెలనెలా కట్టినాను. నిన్నటితో తీరిపోయింది. వడ్డీ పన్నెండు రూపాయలు, అసలులో తక్కువైన ఆరు రూపాయలు నా వక్కాకు డబ్బుల్లో మిగిల్చినాను. ఈ పొద్దు నువ్వు పెట్టిన ఆరు రూపాయలే స్వామికి.”

“ఏం తీరింది? యాడ కట్టినావు?”

యశోదమ్మ కుంకుమ అంటిన బొటనవేలు కోడలి కళ్లముందు పెట్టింది.

“అది ముడుపు కాదే పిచ్చిదానా, నీకోసరం వేలిముద్రేసి నేను తెచ్చిన బ్యాంకు అప్పు.”