సీసాకు ఎగువన

"ముందు మీరు ఒడ్డుకు రండి."

మోకాలి లోతు నీళ్లలో వంగి ఉన్న పెద్దాయన తలెత్తి చూశాడు. చేతిలో గోనెసంచి, తల మీద తడి తువ్వాలు.

"కొంచెం పని మిగిలిందమ్మా."

"మీ పని సంగతి తర్వాత. ఎగువన మీరు బురద రేపితే దిగువన నా నీళ్లు పాడైపోతాయి."

ఆయన ఒడ్డెక్కి ఓ బండ మీద కూర్చున్నాడు.

నీళ్లు తేటపడేదాకా ఆ నీళ్లను పరీక్షించడానికి వచ్చిన కెమిస్టు ఆగింది. తర్వాత ప్రవాహానికి ఎదురుగా నిలబడి, మూతికి వేలు తగలకుండా సీసా నింపి మూత బిగించింది. ఆఫీసులో ఆమెను అందరూ సీసాల మేడమ్ అంటారు. ఆ పేరంటే ఆమెకు కోపం లేదు, పైగా కాస్త గర్వం కూడాను. ఆమె సంతకం పడిందంటే ఆ నీళ్లకు ఇక తిరుగు లేదు.

ఈ అడవి నది ఇంతవరకూ ప్రతి పరీక్షా నెగ్గింది. వానలయ్యాక చేసే ఆఖరి పరీక్ష కూడా నెగ్గితే దిగువనున్న ఊరికి కుళాయిలు వస్తాయి. అప్పటిదాకా ఆ ఊరికి ట్యాంకరే గతి. ట్యాంకరు వచ్చి ఆగిందంటే చాలు, బిందెల దగ్గర సిగపట్లు.

జీపు ఎక్కగానే డ్రైవరు అందుకున్నాడు.

"పోయినసారీ ఇతనే ఉన్నాడు మేడమ్. ట్యాంకర్ల ఓనరు పంపిన మనిషేమోనని నా అనుమానం."

"ఆయనెందుకు పంపుతాడు?"

"కుళాయిలొస్తే ట్యాంకరు మొహం ఎవరు చూస్తారు? మీ సీసాలో కాస్త బురద పడితే ఆయన పంట పండినట్టే. నిప్పు లేందే పొగ రాదు మేడమ్."

ఆ మాట ఆమెకు సబబుగా తోచింది. లేకపోతే ఆ వయసులో, పనీపాటా లేనట్టు, సరిగ్గా తన సీసాకు ఎగువనే నీళ్లు కలబెట్టడమేమిటి?

చెక్‌పోస్టు దగ్గర జీపు ఆపించి ఫారెస్టు గార్డును పిలిచింది.

"ఆఖరి పరీక్ష అయ్యేదాకా ఆ గోనెసంచి మనిషిని నది దరిదాపుల్లోకి రానివ్వొద్దు."

గార్డు నీళ్లు నమిలాడు.

"పెద్దాయన మంచివాడమ్మా. పొద్దున్నే వచ్చి..."

"మంచో చెడో నాకనవసరం. నేను నీళ్లు పట్టే చోటికి ఎగువన మనుషులు ఉండకూడదు. అది రూలు."

రూలంటే గార్డు మాత్రం ఏం చేస్తాడు, తలూపాడు.

వానలు వెలిశాయి. ఆమె దర్జాగా వచ్చింది. ఎగువన నరమానవుడి జాడ లేదు. నీళ్లు తళతళలాడుతున్నాయి.

"చూశావా, పీడ విరగడైంది" అంది డ్రైవరుతో, సీసా నింపుతూ.

తీరా ల్యాబులో చూస్తే, గాజు పళ్లెం నిండా క్రిముల చుక్కలే. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

సీసాను అనుమానించింది. యంత్రాన్ని అనుమానించింది. చివరికి తన చేతుల్నే అనుమానించింది. మళ్లీ నీళ్లు తెచ్చి మళ్లీ పరీక్షించింది. ఫలితం మారలేదు.

ఇలా కాదని గార్డును వెంటబెట్టుకుని నది వెంట పైకి నడిచింది. మలుపు దగ్గర, రెండు బండల ఇరుకులో, ముక్కులు పగిలే కంపు. ఉబ్బిపోయిన అడవిపంది కళేబరం, దాని చుట్టూ అడవి చూడటానికి వచ్చినవాళ్లు పారేసిన ఎంగిలి ప్లేట్లు, పిల్లల డైపర్లు.

"ఇన్నాళ్లూ ఇవేవీ లేవే?"

"లేకపోవడమేంటమ్మా. పైనుంచి కొట్టుకొచ్చేదంతా ఇక్కడే ఇరుక్కుంటుంది. పెద్దాయన రోజూ సంచికెత్తి దూరంగా పాతిపెట్టేవాడు. పెద్ద జంతువైతే నన్నూ సాయం పిలిచేవాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయానమ్మా."

ఇన్నాళ్లూ తను కొలిచింది నదిని కాదు, ఆ మనిషి కష్టాన్ని.

"ఆయన ఇల్లెక్కడ? ఇప్పుడే వెళ్లి తప్పయిందని చెప్తాను. ఇదే పని మీద ఉద్యోగం కూడా ఇప్పిస్తాను."

"ఇంకెక్కడి ఇల్లమ్మా. నదిలోకి రానివ్వకపోతే నాకిక్కడేం పని అని కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆడవాళ్లు బిందెల కోసం జుట్లు పట్టుకుంటుంటే చూడలేకపోతున్నాను, కుళాయిలొస్తే చాలు అనేవాడెప్పుడూ."

కుళాయిల మాట మళ్లీ వచ్చే ఏడాదికే. ఆమెకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఇప్పుడు ఆ ట్యాంకర్ల ఓనరు పండగ చేసుకుంటాడు."

గార్డు ఆమె వైపు వింతగా చూశాడు.

"ఇందాకట్నుంచీ మనం మాట్లాడుకుంటున్న పెద్దాయనే కదమ్మా ఆ ఓనరు."