పదిహేడో తాళంచెవి

“పదిహేడోది ఏదీ?”

ప్రొఫెసర్ బల్దాచ్చి కేకకు కంట్రోల్ రూములో కాఫీ కప్పులు అదిరాయి.

గోడ మీది బోర్డుకు ఇరవై తాళంచెవులుండాలి. కణాలను పరుగెత్తించే యంత్రం ఉన్న సొరంగంలోకి వెళ్ళే ప్రతి మనిషీ ఒకటి తీసుకెళ్ళి, బయటికొచ్చాక మళ్ళీ తగిలించాలి. ఒక్కటి తగ్గినా లోపల ఎవరో ఉన్నట్టే లెక్క, కణాల కిరణం బయల్దేరదు. ఇప్పుడు పంతొమ్మిదే ఉన్నాయి. రోమ్ నుంచి వచ్చిన మంత్రిగారేమో గడియారం చూసుకుంటున్నారు. ఈరోజు కిరణం సొరంగంలో ఒక్క చుట్టయినా తిరగకపోతే యంత్రాన్ని మూసేయిస్తానని ఆయన ముందే చెప్పేశారు. అదే జరిగితే ఇక్కడ పనిచేసే నలభై మందీ ఇంటికి పోవాల్సిందే.

“నిన్న చివర్న లోపలికి వెళ్ళిందెవరు?”

“నేనే ప్రొఫెసర్ గారూ,” అంది టెక్నీషియన్ ఒర్నెల్లా. “ఎక్కడో జారిపోయినట్టుంది.”

“పదిహేడంటేనే దరిద్రమని మా అమ్మ మొత్తుకునేది. దాన్ని నీ చేతికిచ్చాను, నాదే బుద్ధి తక్కువ! తలకాయైనా మెడ మీద ఉందా, అదీ జారిపోయిందా?”

“ఉందండీ. వెళ్ళి వెతుకుతాను.”

“ఇంకా నిలబడ్డావేం? తలుపు తీయమంటాను, పరుగెత్తు!”

ఆమె వెళ్ళాక ప్రొఫెసర్ మంత్రిగారిని మాటల్లో పెట్టి, ఆనాటి పేపరు విప్పాడు. మొదటి పేజీలో ఆయన ఫొటో. చివరి అయస్కాంతానికి తీగలు బిగిస్తూ, వాటి వైపు చూడకుండా కెమెరాకేసి నవ్వుతున్నాడు.

“చూడండి, స్వయంగా నా చేతుల్తో! వీళ్ళ మీద వదిలేస్తే ఇదిగో, ఇలా ఏడుస్తుంది.”

గదిలో అందరూ తలలూపారు. ప్రొఫెసర్ని తప్పుపట్టిన చివరి ఇంజనీరు ఇప్పుడు కొండ కింది ఊళ్ళో బస్సు తోలుతున్నాడు. బాగానే తోలుతాడట.

అరగంటకు ఒర్నెల్లా చేతుల నిండా మసితో వచ్చింది.

“దొరికిందండీ. చివరి అయస్కాంతం కింద.”

“పాపం, దానికి అతుక్కుపోయిందేమో!” అన్నారు మంత్రిగారు. మంత్రి జోకు కాబట్టి అందరూ నవ్వారు.

ఆమె తాళంచెవి తగిలించింది. మంత్రిగారు మీట నొక్కారు. తెర మీద ఒక చుక్క, చుట్టు తిరిగొచ్చి దాని పక్కనే రెండో చుక్క.

“తిరిగింది!”

స్పుమాంతే వైను సీసా బిరడా ఎగిరి పైకప్పుకు తగిలింది. మంత్రిగారు ప్రొఫెసర్ని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకున్నారు.

“రేపట్నించి దాన్ని మెడలో కట్టుకు తిరుగు,” అన్నాడు ప్రొఫెసర్ ఒర్నెల్లాతో. “నీ మూలాన యంత్రం మూతపడేది!”

“అవునండీ.”

పొద్దున ఫొటోలో తీగలు తారుమారుగా కనిపించగానే, తాళంచెవిని బూటులో దాచింది ఆమే.