మూడో వరుసలో రెండు ఏడులు

ఆమె విసిరిన పేపర్‌వెయిట్ గళ్ళాయన చెవిని చీల్చుకుంటూ పోయి కిటికీ అద్దం పగలగొట్టింది. కుడిచేతికి కట్టుండటంతో ఎడమచేత్తో విసిరింది, లేకపోతే తలకే తగిలేది. పత్రికలో సుడోకు అనే అంకెల గళ్ళ పజిల్ తయారుచేసే ఆయన్ని ఆఫీసులో అందరూ గళ్ళాయన అంటారు.

"నిన్నటిది నువ్వు చేసిందేనా?" ఆమె పత్రిక బల్లమీద పరిచింది. మూడో వరుసలో ఒక్కసారే రావాల్సిన ఏడు రెండుసార్లు అచ్చయింది. కాగితం నిండా పెన్సిల్‌తో పొడిచిన చిల్లులు.

"నాదేనమ్మా. అన్ని గళ్ళూ నింపుకుని, తర్వాత కొన్ని చెరిపి అచ్చుకిస్తాను. నిన్న సరిచూసుకోలేదు."

"మా ఆయన పొద్దున్నే దీంతో కూర్చుంటాడు. అది తేలేదాకా నా జోలికి రాడు. తేలితే ఆ రోజంతా కుదురుగా ఉంటాడు. నిన్న తేలలేదు. ముందు పెన్సిల్ విరిచాడు, తర్వాత నా చెయ్యి. అంతా నీవల్లే!"

గళ్ళాయన చెవి రక్తం తుడుచుకున్నాడు.

"తప్పు నాదే తల్లీ. కానీ ఈ పత్రిక నలభైవేల ఇళ్ళకి వెళ్తుంది. అన్నిచోట్లా ఏడు రెండుసార్లే పడింది."

"అయితే?"

"ముప్పైమంది ఫోన్ చేసి తిట్టారు. ఒకాయన నాకు లెక్కలు చెప్పిన పంతుల్ని కూడా కలిపి తిట్టాడు. విరిగిన చేత్తో వచ్చింది నువ్వొక్కదానివే."

ఆమె మూడో వరుస మీద వేలుపెట్టి చాలాసేపు చూసింది. తర్వాత పత్రిక మడిచింది.

"అన్నయ్యగారూ, ఆ ఫోన్ ఇలా ఇవ్వండి. పోలీసులకి చెయ్యాలి."